పరుపులో ఉండ

ముందు గది నిండా దూది, వెనక గదిలో దూది ఏకే మిషను, పక్కనున్న ఇనుప మెట్లెక్కితే రెండు గదుల ఇల్లు. బోర్డు మీద ఏం రాసుందో ఆ వీధిలో ఎవరూ చదవరు. అందరికీ అది మేస్త్రి కొట్టే. ముప్పై ఏడేళ్లుగా మేస్త్రి అక్కడ పరుపులు కుడుతున్నాడు. ముప్పై ఏళ్లుగా భార్య ఆయనతో పాటు కుడుతోంది. ఇద్దరిలో ఎవరి కుట్టు గట్టిదన్న తగవు పెళ్లయిన ఏడాదే మొదలైంది, ఇప్పటికీ తేలలేదు.

ఆ కొట్టుకి ఒక పద్ధతి ఉంది. కుట్టు పూర్తయిన పరుపు మీద మేస్త్రి పడుకుని లేస్తే తప్ప అది గుమ్మం దాటదు. పది నిమిషాలు వెల్లకిలా, అయిదు నిమిషాలు కుడి పక్కకి, అయిదు నిమిషాలు ఎడమ పక్కకి. పని నేర్పిన మేనమామ పెట్టిన పద్ధతి అది. దూది సరిగ్గా ఏకకపోతే ఎక్కడో ఒకచోట ముద్దకట్టి ఉండ అవుతుంది. అది చేతికి దొరక్కపోవచ్చు. "చెయ్యి మొహమాటపడుతుందిరా, నడుం పడదు" అనేవాడాయన. మేస్త్రి ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించాడు. కళ్లు మూసుకుని, ఊపిరి మెల్లిగా తీసుకుంటూ, పరీక్ష రాస్తున్నవాడిలా పడుకునేవాడు. ఎదురుగా సైకిలు షాపు పెట్టిన కొత్తలో ఆ షాపతను చూసి, "పాపం ఆవిడ ఒళ్లొంచి చాకిరీ చేస్తుంటే ఈయనగారు పట్టపగలు నిద్రపోతాడు" అని నెల రోజుల పాటు వీధంతా చెప్పుకొచ్చాడు. అసలు సంగతి తెలిశాక సిగ్గుపడి రెండు పరుపులు కొనుక్కున్నాడు.

అలాంటి మనిషికి నడుం నొప్పి వచ్చింది.

విన్నవాళ్లందరూ ముందు నవ్వారు. పరుపులు కుట్టేవాడికి నడుం నొప్పేమిటి అన్నారు. మేస్త్రి కూడా నవ్వాడు. మొదట్లో అది ఎడమ వైపు, నడుం దగ్గర, బొటనవేలు పెట్టి చూపించగలిగినంత చోటే ఉండేది. దూది బస్తా ఎత్తినప్పుడు పట్టేసిందిలే అనుకున్నాడు. నెల తిరిగినా వదల్లేదు. రెండో నెలకి పడుకున్నా వదల్లేదు. ఇక సలహాలు మొదలయ్యాయి. సైకిలు షాపతను తన నడుం బెల్టు తెచ్చిచ్చాడు. మందుల షాపాయన ఒంటి మీద వేస్తే మండిపోయే పూత ఇచ్చాడు. వియ్యంకుడు ఫోన్ చేసి, తలుపు చట్రం పట్టుకుని రోజూ కాసేపు వేలాడమన్నాడు.

"వేలాడితే నొప్పి సంగతేమో గాని, తలుపు ఊడి చేతికొస్తుంది" అంది భార్య. "అన్నయ్యగారికేం, చెప్తారు. తలుపు వాళ్లది కాదుగా."

చూస్తుండగానే నొప్పి ఆ ఇంట్లో ఒక మనిషైపోయింది. దాని ఇష్టాయిష్టాలు కనుక్కుని మసులుకోవడం మేస్త్రి నేర్చుకున్నాడు. బస్సులో సీటు దొరికినా నిలబడేవాడు. తుమ్మొస్తుందనిపిస్తే ముందు గోడ పట్టుకునేవాడు. కిందపడిన సూదిని కాలి వేళ్లతో దగ్గరికి లాక్కుని, ఎవరైనా వచ్చేదాకా దాన్ని తొక్కకుండా కాపలా కాసేవాడు. పొద్దున్నే లేవడానికి ఒక లెక్క పెట్టుకున్నాడు. పక్కకి దొర్లి, మోచెయ్యి ఆనించి, కాళ్లు కిందికి జార్చి, ఒకటి, రెండు, మూడు అనుకుని లేవాలి.

"మూడన్నావుగా, లేవవేం?" అనేది భార్య అవతలి పక్కనుంచి, దుప్పట్లోంచి మొహం బయటికి తీయకుండానే.

మూడో నెలలో ఆవిడే చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్లింది. ఎముకల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. స్కాన్ తీయించి, ఆ ఫిల్మును వెలుగుతున్న గాజు పలక మీద తగిలించి చూపించింది. నల్లటి దాంట్లో తెల్లగా, ఒకదాని కింద ఒకటి వెన్నుపూసలు. కింది నుంచి మూడో పూస మీద పెన్ను పెట్టింది.

"ఇది మిగతావాటిలా లేదు. ఇక్కణ్ణుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. అది పాత దెబ్బ కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు..." అని ఆగి, మూడో మాట కొంచెం మెత్తగా చెప్పింది. "కణితి కూడా కావచ్చు. ముందే భయపడకండి. పది రోజుల్లో తెలిసిపోతుంది."

ముక్క తీసిన రోజున బోర్లా పడుకున్న మేస్త్రి సూది చూపించమని అడిగి మరీ చూశాడు. "మా దబ్బనం కన్నా సన్నమే" అని మెచ్చుకున్నాడు. డాక్టరమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఎందుకంటే ఆ మూడో మాట ఆయన ఇంతకుముందు విని ఉన్నాడు. ఆరేళ్ల కిందట, ఇలాంటి గదిలోనే, అన్న పక్కన నిలబడి విన్నాడు. అన్నకీ నడుం నొప్పితోనే మొదలైంది. మాట విన్న నాలుగు నెలలకి అన్న లేడు. ఇంటికొచ్చే దారిలో మొగుడూ పెళ్లాలిద్దరూ దారం ధర గురించి, అల్లుడి కొత్త ఉద్యోగం గురించి మాట్లాడుకున్నారు. అన్న ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

ఎదురుచూపులంటే ఏమిటో మేస్త్రికి ఆ పది రోజుల్లో తెలిసింది. ఫోన్ జేబులో ఉంటే మోగినట్టుండేది, తీసి చూస్తే మోగేది కాదు. నిజంగా మోగితే ఎవరో ఇల్లు కొనుక్కుంటారా అని అడిగేవాళ్లు. ఒకసారి ఆ ఇల్లమ్మేవాడి మీద ఆయన ఎంత ఎగిరాడంటే, పాపం అతను సారీ చెప్పి, ఆరోగ్యం జాగ్రత్త సార్ అని పెట్టేశాడు.

వంగడానికి వీల్లేదని డాక్టరమ్మ చెప్పడంతో, భార్య పాత తలుపు రెక్కలు రెండు ఇటుకల దిమ్మెల మీద పరిచి ఎత్తు బల్ల చేసింది. పని అంతా ఆవిడదే. ఆయన పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఆ మూల పల్చగా ఉంది, ఈ కుట్టు వదులుగా ఉంది అంటూ ఉండేవాడు.

"ఇన్నాళ్లూ చేతుల్తో కుట్టావు, ఇక నోటితో కుట్టు" అంది ఆవిడ.

నాలుగో రోజున పెద్ద టీచరుగారి కూతురు వచ్చింది. పెద్ద టీచరంటే ఆ చుట్టుపక్కల సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. మేస్త్రి కూతురు కూడా ఆవిడ దగ్గరే చదువుకుంది. ఆవిడ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, వచ్చే బుధవారం ఇంటికి తెస్తున్నారు.

"మూడు నెలలు మంచం దిగకూడదట, మేస్త్రిగారూ. పరుపు ఒక్కచోట ఒత్తుకున్నా ఒళ్లు పుండైపోతుందన్నారు. దుకాణంలో రెడీమేడ్‌ది కొంటానంటే అమ్మ ఒప్పుకోలేదు. మీరు పడుకుని లేచిందే కావాలంది."

ఆ మాటకి మేస్త్రి నడుం సగం నయమైపోయింది. స్టూలు దిగి, ఆ అమ్మాయిని వీధి మలుపు దాకా సాగనంపి వచ్చాడు.

మంచి దూది బస్తా విప్పించాడు. రెండుసార్లు ఏకించాడు. భార్య పొర మీద పొర పరుస్తుంటే ప్రతి పొరనీ నిలబడి అరచేత్తో తడిమాడు. శుక్రవారం మధ్యాహ్నానికి కుట్టు పూర్తయింది. ఆయన చెప్పులు విప్పి, లెక్క ప్రకారం బల్ల అంచున కూర్చుని, మోచెయ్యి ఆనించి, మెల్లిగా పక్కకి ఒరిగి వెల్లకిలా తిరిగాడు. కళ్లు మూసుకున్నాడు.

నిమిషం కాలేదు, కళ్లు తెరిచాడు.

"ఉండ ఉంది."

"ఎక్కడ?"

"ఎడం వైపు. సరిగ్గా నడుం దగ్గర."

ఆవిడ ఆయన్ని లేపి, ఆ చోటంతా రెండు చేతులతో నొక్కి చూసింది. మోచేత్తో ఒత్తి చూసింది. ఏమీ తగల్లేదు. అయినా మేస్త్రి ఉందన్నాక ఉన్నట్టే, ఆ కొట్లో అదీ పద్ధతే. కుట్లు విప్పి, దూది తీసి, మళ్లీ ఏకి, మళ్లీ నింపి, శనివారం పొద్దుగూకేసరికి మళ్లీ కుట్టింది.

ఆయన పడుకున్నాడు. ఉండ అక్కడే ఉంది.

ఈసారి మిషను మీద పడ్డాడు. పళ్లు అరిగిపోయాయన్నాడు. దూది బస్తా అమ్మినవాణ్ణి ఫోన్లో దులిపేశాడు. వాడు లబోదిబోమన్నాడు. ఆదివారం సెలవు రోజైనా కొట్టు తెరిపించి, వేరే బస్తా విప్పించి, దూదిని తనే స్టూలు మీద కూర్చుని గుప్పెడు గుప్పెడు వేళ్లతో విడదీశాడు.  భార్య మూడోసారి కుట్టింది. ఆయన మూడోసారి పడుకున్నాడు. మొహం చూస్తేనే ఆవిడకి తెలిసిపోయింది.

"ఉందా?"

"ఉంది."

ఆవిడ దబ్బనం పక్కన పెట్టింది. తర్వాత, "లేచి, కాళ్లున్న వైపు తలపెట్టి పడుకో" అంది.

"ఎందుకు?"

"పడుకోవయ్యా, చెప్తా."

ఆయన మూలుగుతూ లేచి, అటు తిరిగి పడుకున్నాడు.

"ఇప్పుడు ఎక్కడుంది?"

"ఎడం వైపు. సరిగ్గా నడుం..." అన్నాడు మేస్త్రి, ఆగిపోయాడు.

పరుపులో ఉన్న ఉండ అయితే ఇప్పుడు కుడి వైపుకి రావాలి. మనిషి తిరిగితే తనూ తిరిగే ఉండ ఏ దూదిలోనూ ఉండదు. ఈ సంగతి ఆయనకి తెలీదా? ముప్పై ఏడేళ్ల పనివాడు. పని నేర్చుకునే కుర్రవాడికి మొదటి వారంలో చెప్పే కిటుకు అది, తలా కాళ్లూ మార్చి చూసుకోమని. మూడు రోజులుగా ఆ ఒక్క పనీ ఆయన చేయలేదు. చేస్తే ఏం తెలుస్తుందో భయం. ఉండ దూదిలో ఉంటే విప్పి తీసి పారేయవచ్చు. దూదిలో లేదంటే ఇక ఎక్కడుందో ఒప్పుకోవాలి. 

పైకప్పు వైపు చూస్తూ, "అన్న కూడా ఇదే మాటన్నాడు" అన్నాడు.

ఆవిడకి గుర్తుంది. అన్నకి పరుపు కుట్టి పంపింది తామిద్దరే. పంపిన నెలకి ఆయన కొట్టుకి నడిచొచ్చాడు, గుమ్మం దగ్గర కొంచెం పక్కకి వంగి నిలబడి, "ఒరే తమ్ముడూ, ఆ పరుపులో నడుం కింద ఏదో ఉండ ఉందిరా. ఓసారి విప్పి చూడు" అన్నాడు. కొట్లో ఇద్దరు బేరగాళ్లున్నారు. వాళ్ల ముందు ఆ మాట అనేసరికి మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "నా పరుపులో ఉండ ఉందన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. ఉంటే నీ నడుంలో ఉండాలి, వెళ్లి చూపించుకో" అన్నాడు. అన్న నొచ్చుకోలేదు, నవ్వాడు కూడా. "సరేలేరా" అని వెళ్లిపోయాడు. నొచ్చుకున్నది మేస్త్రి. నెలన్నర పాటు అన్న గుమ్మం తొక్కలేదు. తొక్కేసరికి అన్న ఆస్పత్రిలో ఉన్నాడు. అన్నీ అయిపోయాక, ఆ పరుపు వేరేవాళ్లకి ఇవ్వడానికి మనసొప్పక వదిన దాన్ని వెనక్కి పంపింది. ఆరేళ్లుగా అది దుప్పటి చుట్టి అటక మీద ఉంది.

"చూపించుకోమని నువ్వన్నది నిజమేగా" అంది భార్య.

"నిజమే. అన్నది చూపించుకోవాలని కాదు."

ఆవిడ చెయ్యి అందించి లేపింది.

సోమవారం ఆ పరుపు మీద ఎవరు పడుకోవాలన్న ప్రశ్న వచ్చింది. ఎవరూ పడుకోకుండా పంపడం కుదరదు. మేస్త్రి తన చేతి గడియారం విప్పి పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎక్కు" అన్నాడు.

"నేనా?"

"పది నిమిషాలు వెల్లకిలా. మాట్లాడకూడదు."

"అది మాత్రం నా వల్ల కాదు" అంటూనే ఆవిడ ఎక్కింది. మూడు నిమిషాలు పడుకుని ఉంటుంది, బాగుంది అంది. అయిదో నిమిషానికి గుర్రుపెట్టింది. నాలుగు రోజులుగా ఒకే పరుపుని మూడుసార్లు కుట్టిన మనిషి. మేస్త్రి గడియారం జేబులో వేసుకుని, వీధి తలుపు సగం దగ్గరికి వేసి, గంటన్నర అలాగే కూర్చున్నాడు. ఆవిడ జుట్టులో దూది పోగులున్నాయి. నాకేమైనా అయితే ఈవిడ ఈ కొట్టుని ఒక్కతే ఎలా నడుపుతుంది అనుకున్నాడు. వెంటనే, నాకంటే బాగానే నడుపుతుందనీ అనిపించింది. దాంతో ధైర్యమూ కలిగింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు పెద్ద టీచరు కూతురు బండి తెచ్చుకుంది. పరుపు ఎక్కిస్తుంటే మేస్త్రి ఆపాడు.

"అమ్మా, ఒక మాట. ఇది నేను పడుకుని సరే అన్నది కాదు. నా నడుం ఇప్పుడు నమ్మేట్టు లేదు. ఆవిడ చూసింది. అమ్మగారికి ఆ సంగతి చెప్పి, ఇష్టమైతేనే దింపుకోండి."

ఆ అమ్మాయి ఇద్దరినీ చూసింది. "ఆంటీ ఏమన్నారు?"

"ఏమంటుంది? నిద్రపోయింది."

"అంతకంటే ఇంకేం కావాలి?" అని ఆ అమ్మాయి బండి కదిలించమంది.

గురువారం ఫోన్ మోగింది. రిపోర్టు వచ్చింది, రేపు పదకొండింటికి రండి అన్నారు. ఏముందో ఫోన్లో చెప్పరట. శుక్రవారం ఆస్పత్రి వరండాలో మేస్త్రి నిలబడే ఉన్నాడు, కుర్చీ ఖాళీగా ఉన్నా. భార్య చేతిసంచి జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది. లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ ముందే చేయెత్తింది. "మీరు భయపడినది కాదు."

మేస్త్రికి ఆ తర్వాతి మాటలు వెంటనే వినబడలేదు. పూసలో క్షయ చేరిందట. క్షయ ఊపిరితిత్తులకే కాదు, ఎముకకీ వస్తుందట. ఏడాది పాటు మందులు ఒక్క రోజు కూడా మానకుండా వేసుకోవాలి. ఆరు వారాలు ఎక్కువసేపు పడుకునే ఉండాలి. ఆ తర్వాత మెల్లిగా పని చేసుకోవచ్చు, బరువులు మాత్రం ఎత్తకూడదు.

"తగ్గుతుందా?" అంది భార్య.

"తగ్గుతుంది."

"పూర్తిగా?"

"మందులు మానకపోతే పూర్తిగా."

"మాననివ్వను. తగ్గుతుందిగా?"

డాక్టరమ్మ మూడోసారి కూడా ఓపిగ్గా తగ్గుతుందని చెప్పింది. అప్పుడు భార్య చేతిసంచి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మేస్త్రి ఆవిడ వీపు మీద చెయ్యి వేశాడు. తనకీ ఏడుపొస్తుందనుకున్నాడు, రాలేదు. ఎక్కడైనా పడుకోవాలనిపించింది.

"గట్టి దూది పరుపైతే మంచిది" అంది డాక్టరమ్మ చీటీ రాస్తూ. "ఇంట్లో ఉందా?"

"బాగానే అడిగారు" అంది భార్య, కళ్లు తుడుచుకుంటూ.

కానీ ఇంటికొచ్చి చూస్తే లేదు. కొట్లో ఉన్నవన్నీ ఎవరెవరివో. మంచం మీదున్నది పద్దెనిమిదేళ్ల నాటిది, మధ్యలో పళ్లెంలా గుంట పడి ఉంది. ఇన్నేళ్లలో సొంతానికి ఒకటి కుట్టుకుందామని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. వీధిలో తెలిస్తే నవ్వుతారు. కొత్తది కుట్టేదాకా ఎక్కడ పడుకోబెట్టాలా అని భార్య నాలుగు వైపులా చూసి, చివరికి అటక వైపు చూసింది. మేస్త్రి కూడా అటే చూస్తున్నాడు.

సైకిలు షాపతను వచ్చి దింపిపెట్టాడు. దుప్పటి విప్పి, దుమ్ము దులిపి, మంచం మీద పరిచారు. గుడ్డ రంగు వెలిసింది గాని కుట్టు ఒక్కటీ వదల్లేదు. అతను వెళ్లాక మేస్త్రి మంచం అంచున కూర్చుని, మోచెయ్యి ఆనించి, అన్న పరుపు మీద వెల్లకిలా పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. భార్య తలుపు దగ్గర నిలబడింది.

"ఎలా ఉంది?"

బాగుందని చెబుదామనుకున్నాడు. అది తన పని, తన కుట్టు, దానికి వంక పెట్టడానికి లేదని తెలుసు. తన నడుం సంగతీ తెలుసు, ఇప్పుడు దాని పేరు కూడా తెలుసు. అయినా అది అక్కడే ఉంది, ఎడం వైపు, వేలు పెట్టి నొక్కుతున్నట్టు.

"ఉండ ఉంది" అన్నాడు, చిన్న గొంతుతో.

ఆవిడ లేదనలేదు. అటు తలపెట్టి పడుకోమనీ అనలేదు. కిందికి వెళ్లి, కత్తెరా దబ్బనమూ పట్టుకుని ఇనుప మెట్లెక్కి వచ్చింది.

"లే. మెల్లిగా. ఒకటి, రెండు, మూడు."

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తను నేల మీద మోకాళ్లు మడిచి కూర్చుని, పరుపు అంచు ఒళ్లోకి లాక్కుంది.

"అందులో ఏమీ ఉండదే" అన్నాడు మేస్త్రి. "ఆరేళ్ల కిందటే తెలుసు నాకు."

"నాకూ తెలుసు. అయినా ఉందన్నావుగా, చూద్దాం."

కత్తెర మొదటి కుట్టు కింద దూర్చి తెంపింది. ఆ చప్పుడుకి మేస్త్రికి ఆస్పత్రిలో రాని ఏడుపు వచ్చింది. అన్న అడిగింది ఇంతే. ఓసారి విప్పి చూడు అన్నాడు. ఒక పూట పని. విప్పి, ఏమీ లేదని చూపించి, మళ్లీ కుట్టి ఇచ్చి ఉంటే అన్న బతికేవాడు కాదు, కానీ ఆ నెలన్నరా తమ్ముడు రోజూ ఆయన పక్కన ఉండేవాడు.

"అప్పుడే కత్తెర పట్టుకుని వెళ్లాల్సింది నేను" అన్నాడు.

"అవును, వెళ్లాల్సింది" అంది ఆవిడ. ఇంకో కుట్టు తెంపింది. ఆయన కళ్లు తుడుచుకుని, కుర్చీలోంచి వంగకుండా చెయ్యి చాపి, తెగిన దారం కొస పట్టుకుని లాగాడు.